గంజాయి చట్టం: ఒకే దేశంలో రాష్ట్రానికో తీరు ఎందుకు?

‘ఉత్తరాఖండ్‌లో గంజాయి సాగుకు లైసెన్సు’ అని ఒక వార్త. ‘గంజాయి మొక్కలు పెంచినందుకు అరెస్టు’ అని పక్క కాలమ్‌లోనే ఇంకోటి. అమెరికా వెళ్లొచ్చినవాళ్లు అక్కడ బోర్డు పెట్టి మరీ అమ్ముతారంటారు. అదే అమెరికాలో గంజాయి వల్ల ఇమిగ్రేషన్ చిక్కుల్లో పడ్డవాళ్ల కథలూ వింటాం. ఇవన్నీ ఒకేసారి నిజం కావచ్చు. గంజాయి విషయంలో చాలా దేశాల్లో ఒకే చట్టం ఉండదు. కేంద్రానిది ఒకటి, రాష్ట్రానిది ఒకటి, కొన్నిచోట్ల ఊరి పాలకవర్గానిది మరొకటి. ఇవి ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉంటాయి. సోషల్ మీడియాలో తిరిగే ప్రపంచ పటంలో పచ్చరంగు చూసి ‘ఇక్కడ ఓకే’ అనుకుంటే ఇందులో సగం కూడా అర్థం కాదు.

మొక్క ఒకటే, చట్టం దృష్టిలో నాలుగు

ముందు పదాలు తేల్చుకుందాం. గంజాయి మొక్క పూత, కాయ పట్టిన కొసలే మనం గంజాయి అనేది. ఆ మొక్క జిగురుతో చేసేది చరస్. ఆకుతో చేసేది భంగు. నార కోసం, గింజల కోసం పండించే రకాలను ఇప్పుడు అందరూ హెంప్ అంటున్నారు. మత్తునిచ్చే రసాయనం పేరు టీహెచ్‌సీ. అది బాగా తక్కువగా ఉండే రకాలు హెంప్ కిందికి వస్తాయి. అమెరికాలోనూ ఉత్తరాఖండ్‌లోనూ ఆ గీత 0.3 శాతం దగ్గర ఉంది. సీబీడీ అనే ఇంకో రసాయనం కూడా ఇందులో ఉంటుంది, కానీ అది మత్తెక్కించదు.

ఇక ‘అనుమతి’ అన్నదానికీ చాలా మెట్లున్నాయి. నేరరహితం చేయడమంటే, కొద్దిపాటి గంజాయి దొరికితే కేసు, జైలు లేకుండా జరిమానాతో వదిలేయడం. అమ్మడం మాత్రం నేరంగానే ఉంటుంది. దక్షిణ ఆస్ట్రేలియా 1987లోనే ఈ పని చేసింది. వైద్యానికి అనుమతి అంటే డాక్టరు రాసిస్తేనే దొరకడం. పూర్తి చట్టబద్ధత అంటే పెద్దవాళ్లు సరదాకు కొనుక్కోవచ్చు, ప్రభుత్వం పన్ను వేసుకుంటుంది. అందులోనూ రకాలున్నాయి. దగ్గర ఉంచుకోవచ్చు కానీ ఎక్కడా కొనలేని చోట్లున్నాయి. కొనవచ్చు కానీ పెరట్లో ఒక్క మొక్క కూడా పెంచకూడని చోట్లున్నాయి.

పై కప్పుగా 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఉంది. గంజాయిని వైద్యానికి, శాస్త్ర పరిశోధనకు తప్ప వాడనివ్వబోమని దేశాలు అందులో ఒప్పుకున్నాయి. 2020 డిసెంబరులో ఐరాస మాదకద్రవ్యాల కమిషన్ 27–25 ఓట్లతో గంజాయిని అతి కఠినమైన నాలుగో షెడ్యూలు నుంచి తీసేసింది. దాంతో ‘ఐరాస గంజాయికి ఒప్పేసుకుంది’ అని ప్రచారం మొదలైంది. అది తప్పు. నియంత్రణలు వర్తించే మొదటి షెడ్యూలులో అది ఇప్పటికీ ఉంది. ఒప్పందం ఒక్కటే అయినా, దేశంలోపల ఆ అధికారాన్ని ఎవరు ఎలా పంచుకున్నారన్నదాన్ని బట్టి బొమ్మ మారిపోతుంది.

కెనడా: కేంద్రం తలుపు తీసింది, ప్రావిన్సులు లోపల సర్దుకున్నాయి

అందరికంటే పద్ధతిగా జరిగింది కెనడాలో. 2018 అక్టోబరు 17న గంజాయి చట్టం అమల్లోకి వచ్చింది. పండించే లైసెన్సులు, నాణ్యత, ప్యాకింగ్, ప్రకటనలు కేంద్రం చూసుకుంటుంది. బయట వెంట ఉంచుకోవడానికి పరిమితి 30 గ్రాములు. కనీస వయసు 18. ఇంటికి 4 మొక్కలు. ఇవి కేంద్రం గీసిన హద్దులు. ఎవరు అమ్మాలి, ఏ వయసువాళ్లకు అమ్మాలి, ఎక్కడ తాగవచ్చు అన్నవి ప్రావిన్సుల (అక్కడి రాష్ట్రాల) చేతికిచ్చింది. హద్దులు బిగించుకోవచ్చు, సడలించకూడదు.

ఆల్బెర్టా వయసును 18 దగ్గరే ఉంచి, ప్రైవేటు షాపులకు వదిలేసింది. క్యూబెక్ మొదట 18 అన్నా, ప్రభుత్వం మారాక 2020 జనవరి నుంచి 21 చేసింది. అక్కడ అమ్మేది ప్రభుత్వ సంస్థ ఒక్కటే. చాక్లెట్లు, మిఠాయిల రూపంలో అమ్మకం లేదు. మిగతా ప్రావిన్సుల్లో వయసు 19. ఆల్బెర్టా కంటే క్యూబెక్ జనాభా దాదాపు రెట్టింపు, షాపులు మాత్రం ఆల్బెర్టాలోనే కొన్ని రెట్లు ఎక్కువ.

దీన్ని దగ్గరగా చూడాలంటే ఒట్టావాకు వెళ్లాలి. దేశ రాజధాని ఒట్టావా ఆంటారియోలో ఉంది. నది దాటితే గాటినో, అది క్యూబెక్. మధ్యలో వంతెన. రోజూ వేలమంది ఇటు ఇల్లు, అటు ఆఫీసు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఒట్టావా షాపులో దర్జాగా కొనుక్కున్న పొట్లంతో వంతెన దాటితే, ఆ వయసుకు అది దగ్గర ఉండటమే అటువైపు తప్పు. దేశం ఒకటే, నది ఒకటే.

ఇంట్లో మొక్కల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేంద్రం నాలుగు మొక్కలు పెంచుకోవచ్చంటే క్యూబెక్ ఒక్కటి కూడా వద్దంది. కేంద్రం ఇచ్చిన హక్కును ప్రావిన్సు ఎలా లాక్కుంటుందని కేసు వేశారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు క్యూబెక్ వైపే మొగ్గింది. కేంద్ర చట్టం నాలుగు మొక్కల దాకా నేరం కాదని మాత్రమే అంది, పెంచుకునే హక్కేమీ ఇవ్వలేదని దాని తీర్పు సారాంశం. శిక్ష తీసేయడం, హక్కు ఇవ్వడం ఒకటి కాదన్న ఈ తేడా గంజాయి చట్టాల్లో అడుగడుగునా తగులుతుంది.

పన్నులోనూ ఒక మెలిక ఉంది. ఎక్సైజ్ సుంకం గ్రాముకు ఒక డాలరు, లేదా ఉత్పత్తిదారు ధరలో 10 శాతం, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. ఇందులో నూటికి 75 వంతులు ప్రావిన్సులకు పోతాయి. గ్రాము 10 డాలర్లు పలికితే ఎలా లెక్కేసినా డాలరే. కానీ సరుకు ఎక్కువై టోకు ధర గ్రాముకు 4 డాలర్లకు పడిందనుకోండి, ఆ డాలరు కాస్తా 25 శాతమవుతుంది. 2 డాలర్లకు పడితే సగం పోయినట్టే. చిన్న ఉత్పత్తిదారులు లబోదిబోమంటున్నది దీని గురించే.

అమెరికా: కేంద్రం తలుపు మూసే ఉంది, రాష్ట్రాలు పక్కనుంచి వెళ్లాయి

అమెరికాలో వ్యవహారం తలకిందులు. 1970 నాటి కేంద్ర చట్టం గంజాయిని మొదటి షెడ్యూలులో, హెరాయిన్ పక్కన పెట్టింది. అక్కడ మొదటిదే అతి కఠినమైన షెడ్యూలు. అయినా 1996లో కాలిఫోర్నియా ప్రజలు ఓటేసి వైద్యానికి అనుమతిచ్చారు. 2012 నవంబరులో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు సరదా వాడకానికీ తలుపు తీశాయి. కొలరాడోలో 2014 జనవరి 1న షాపులు తెరిచారు. ఇప్పటికి 24 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డీసీ ఆ దారి పట్టాయి. అన్నిచోట్లా వయసు 21.

కేంద్ర చట్టం అలాగే ఉండగా ఇదెలా కుదిరింది? రాష్ట్రం తన చట్టంలోంచి గంజాయి నేరాన్ని తీసేసుకోవచ్చు. కేంద్ర చట్టాన్ని రాష్ట్ర పోలీసులే అమలు చేయాలని కేంద్రం బలవంతపెట్టలేదు. కేంద్రానికి సొంత పోలీసులున్నా, దేశమంతా పొట్లాలు వెతికేంతమంది లేరు. అలాగని కేంద్రం చేతులు కట్టేసినట్టూ కాదు. ఇంట్లో వైద్యం కోసం పెంచుకున్న మొక్కల మీద కూడా కేంద్ర చట్టం చెల్లుతుందని 2005లో గొంజాలెజ్ వర్సెస్ రైచ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పట్టుకునే అధికారం ఉంది, పట్టుకోవడం లేదు, అంతే.

ఈ ‘పట్టుకోకపోవడం’ ఎంత సన్నటి దారం మీద నడిచిందో చూడండి. 2013 ఆగస్టులో న్యాయశాఖ ఒక మెమో రాసింది. మైనర్లకు అమ్మకుండా, సరుకు పక్క రాష్ట్రాలకు పోకుండా చూసుకుంటే మేం జోక్యం చేసుకోం అన్నది దాని భావం. దాన్ని రాసిన అధికారి పేరు మీద కోల్ మెమో అన్నారు. 2018 జనవరిలో అప్పటి అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ దాన్ని ఒక్క సంతకంతో రద్దు చేశారు. పరిశ్రమంతా టెన్షన్‌తో ఊగిపోయింది. తర్వాత పెద్దగా దాడులేమీ జరగలేదు గానీ, వందల కోట్ల డాలర్ల వ్యాపారం ఒక మెమోను నమ్ముకుని నడిచిందన్న సంగతి మాత్రం తేలిపోయింది.

డబ్బు దగ్గర ఈ రెండు చట్టాల గొడవ బాగా కనిపిస్తుంది. కేంద్ర చట్టం భయంతో చాలా బ్యాంకులు ఈ షాపులకు ఖాతా ఇవ్వవు. అందుకే నోట్ల కట్టలతో వ్యాపారం, తలుపు దగ్గర సెక్యూరిటీ గార్డులు. పైగా ఆదాయపన్ను చట్టంలో 280ఈ అనే సెక్షన్ ఉంది. మొదటి, రెండో షెడ్యూళ్లలోని మాదకద్రవ్యాలు అమ్మేవాళ్లు మామూలు ఖర్చులు మినహాయించుకోకూడదు అంటుందది. 60 డాలర్లకు తెచ్చిన సరుకు 100కు అమ్మారనుకుందాం. అద్దె, జీతాలు 30. మిగిలింది 10. మామూలు కంపెనీ అయితే ఆ 10 మీద 21 శాతం, అంటే 2 డాలర్ల 10 సెంట్లు కడుతుంది. గంజాయి షాపు మాత్రం అద్దె, జీతాలు తీసేయకూడదు కాబట్టి 40 మీద 8 డాలర్ల 40 సెంట్లు కట్టాలి. చేతికి మిగిలేది 1 డాలరు 60 సెంట్లు. గంజాయిని మూడో షెడ్యూలుకు మారుస్తామని 2024 మేలో కేంద్రం ప్రతిపాదించినప్పుడు షాపులవాళ్లు సంబరపడింది ప్రధానంగా ఈ సెక్షన్ పీడ వదులుతుందనే. షెడ్యూలు మారినంత మాత్రాన సరదా వాడకం కేంద్ర చట్టం ప్రకారం సక్రమం కాదు. ఆ సంగతి వార్తల్లో తరచూ జారిపోతుంది.

భూమి ఎవరిదన్నదీ లెక్కలోకి వస్తుంది. కొలరాడోలో గంజాయి ఓకే, కానీ అదే కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ కేంద్ర భూమి, అక్కడ నేరం. నీళ్ల సంగతి ఇంకా విచిత్రం. మసాచుసెట్స్‌లో మార్థాస్ విన్‌యార్డ్ అనే ద్వీపం ఉంది. రాష్ట్రంలో గంజాయి అమ్మకం సక్రమమే, ద్వీపంలోనూ షాపులున్నాయి. కానీ ప్రధాన భూభాగం నుంచి సరుకు తేవాలంటే సముద్రం దాటాలి, ఆ నీళ్ల మీద కేంద్ర చట్టం నడుస్తుంది. దాంతో ద్వీపంలో పండిందే ద్వీపంలో అమ్మాలన్న పరిస్థితి. 2024లో పండించేవాళ్లు చేతులెత్తేస్తే సరుకు నిండుకుంది. ఒక షాపు కోర్టుకెక్కింది. ఆ ఏడాది జూన్‌లో రాష్ట్ర గంజాయి కమిషన్ పడవల్లో రవాణాకు అనుమతిచ్చాక గానీ ఆ చిక్కు విడలేదు.

రాజధాని కథ వేరు. వాషింగ్టన్ డీసీ ఓటర్లు 2014లో గంజాయికి అవుననేశారు. కానీ డీసీ బడ్జెట్టు మీద కాంగ్రెస్‌ది, అంటే అమెరికా పార్లమెంటుది పైచేయి. అమ్మకాలకు నిబంధనలు రూపొందించడానికి డబ్బు ఖర్చు పెట్టకూడదని కాంగ్రెస్ అడ్డుపుల్ల వేసింది. ఉంచుకోవచ్చు, ఇవ్వవచ్చు, అమ్మకూడదు. ఇంకేముంది, ఖరీదైన స్టిక్కరో టీషర్టో కొంటే గంజాయి ‘బహుమతి’గా ఇచ్చే షాపులు పుట్టుకొచ్చాయి. వర్జీనియాలో 2021 జులై నుంచి పెద్దవాళ్లు కొద్దిగా ఉంచుకోవచ్చు, నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. షాపుల బిల్లును మాత్రం 2024లోనూ 2025లోనూ గవర్నర్ వీటో చేశారు.

తెలుగువాళ్లు ఎక్కువగా దెబ్బతినగల చోటు ఇమిగ్రేషన్. అది పూర్తిగా కేంద్రం పని. రాష్ట్రంలో సక్రమంగా కొన్నా, ఆ దేశ పౌరులు కానివాళ్లకు కేంద్ర చట్టమే కొలబద్ద. గంజాయి వాడినా, గంజాయి కంపెనీలో పనిచేసినా పౌరసత్వ దరఖాస్తుకు అవసరమైన సత్ప్రవర్తన నిబంధనకు అది అడ్డు కావచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ రాతపూర్వకంగా చెప్పింది. ‘ఇక్కడ లీగలే కదా’ అన్న జవాబు అక్కడ పనిచేయదు.

రాష్ట్రంలోపల ఊరూరా

కాలిఫోర్నియా మొత్తం పచ్చరంగే అనుకుంటాం. కానీ 2016లో ప్రజలు ఆమోదించిన చట్టమే నగరాలకు, కౌంటీలకు షాపులు వద్దనే హక్కు ఇచ్చింది. సగానికి పైగా నగరాలు, కౌంటీలు వద్దన్నాయి కూడా. కొలరాడోలో రెండో పెద్ద నగరం కొలరాడో స్ప్రింగ్స్ సరదా అమ్మకాలకు ఒప్పుకున్నది 2024 నవంబరులో, రాష్ట్రం ఒప్పుకున్న పన్నెండేళ్లకు. నెదర్లాండ్స్‌లోనూ గంజాయి అమ్మే ‘కాఫీషాపు’ ఉండాలా వద్దా అన్నది మున్సిపాలిటీల ఇష్టమే. అక్కడి వింత ఏమిటంటే, ముందు తలుపులోంచి కొనేవాళ్లకు 5 గ్రాములు అమ్మితే చూసీచూడనట్టు ఊరుకుంటారు. వెనక తలుపులోంచి షాపుకు వచ్చే సరుకు మాత్రం దశాబ్దాలుగా చట్టవిరుద్ధం. దాన్ని సరిచేయడానికి పది మున్సిపాలిటీల్లో లైసెన్సు ఉన్న సాగుదారుల సరుకే అమ్మే ప్రయోగం నడుస్తోంది.

జర్మనీది నడిమధ్య దారి. 2024 ఏప్రిల్ 1 నుంచి బయట 25 గ్రాములు, ఇంట్లో 50 గ్రాములు, 3 మొక్కలు సరే. షాపులు లేవు. గరిష్ఠంగా 500 మంది సభ్యులతో సాగు సంఘాలు పెట్టుకోవచ్చు. ఆ సంఘాలకు అనుమతులిచ్చే పని రాష్ట్రాలది. చట్టాన్ని మొదటినుంచీ వ్యతిరేకించిన బవేరియా తన పరిధిలో ఉన్న పట్టునంతా వాడింది. బీర్ గార్డెన్లలో, అక్టోబర్‌ఫెస్ట్ బీరు ఉత్సవంలో గంజాయి తాగడం నిషేధించింది. ఆస్ట్రేలియాలో రాజధాని ప్రాంతం 2020 జనవరి 31 నుంచి 50 గ్రాములు, మనిషికి 2 మొక్కలు ఒప్పుకుంది, కానీ అమ్మకం, కొనుగోలు, బహుమతి అన్నీ నిషేధం. విత్తనాలు అమ్మడం కూడా. మరి ఆ మొక్క ఎక్కడినుంచి రావాలో చట్టం చెప్పదు.

28 గ్రాముల ప్రయాణం

ఇదంతా ఒక ఉదాహరణలో పెట్టి చూద్దాం. పాతికేళ్ల మనిషి, జేబులో 28 గ్రాముల గంజాయి.

డెన్వర్‌లో ఇబ్బంది లేదు, అక్కడ 2 ఔన్సుల వరకు, అంటే సుమారు 56 గ్రాములు ఉండొచ్చు. కారులో తూర్పుకు వెళ్లి కాన్సస్ సరిహద్దు దాటితే నేరం, ఎంత ఉన్నా నేరమే. ఇలినాయ్ చేరితే మళ్లీ సక్రమం, కానీ ఆ రాష్ట్రవాసులకు 30 గ్రాములు, బయటివాళ్లకు 15 మాత్రమే. అంటే షికాగోలో ఇల్లున్నవాడైతే తప్పు లేదు, డెన్వర్ నుంచి వచ్చినవాడైతే దాదాపు రెట్టింపు మోస్తున్నట్టు. అసలు రాష్ట్ర సరిహద్దు దాటించడమే కేంద్ర చట్టం కింద నేరం, రెండువైపులా సక్రమమైనా సరే.

టొరంటోలో 28 గ్రాములు ఓకే. అమెరికా నుంచి తీసుకెళ్తే మాత్రం రెండు దేశాల చట్టమూ ఒప్పుకోదు. మ్యూనిక్‌లో 25 దాటి 30 లోపు కాబట్టి జరిమానా, 30 దాటితే క్రిమినల్ కేసు. కాన్‌బెరాలో సరే. అక్కడినుంచి కొద్ది నిమిషాల దూరంలో న్యూ సౌత్ వేల్స్‌లోని క్వీన్‌బియన్‌లో నేరం.

భారత్‌లో అయితే ‘స్వల్ప పరిమాణం’ కిందికి వస్తుంది. ఏడాది దాకా కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

భారత్: కేంద్ర చట్టంలోనే రాష్ట్రాలకో కిటికీ

1961 ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు, వైద్యేతర వాడకాన్ని ఆపడానికి 25 ఏళ్ల గడువు దొరికింది. అప్పటిదాకా ఇక్కడ లైసెన్సు షాపుల్లో గంజాయి అమ్మేవారు. గడువు దగ్గరపడ్డాక 1985 నవంబరులో మాదకద్రవ్యాల నియంత్రణకు ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ అదే చట్టం, అవే శిక్షలు. గంజాయి 1 కిలో వరకు స్వల్పం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. 900 గ్రాములు దొరికితే గరిష్ఠంగా ఏడాది. 5 కిలోలైతే పదేళ్ల దాకా పడొచ్చు. 25 కిలోలైతే తక్కువలో తక్కువ పదేళ్లు, బెయిలు దొరకడమే గగనం. చరస్‌కు గీతలు ఇంకా కిందికి ఉంటాయి: 100 గ్రాములు, 1 కిలో.

మరి ఉత్తరాఖండ్ మాటేమిటి? చట్టంలోనే రెండు చిన్న కిటికీలున్నాయి. పదో సెక్షన్ గంజాయి మొక్క సాగును అనుమతించే, నియంత్రించే అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. చరస్ మాత్రం దానికి బయటే. అయితే ఆ అనుమతి వైద్య, శాస్త్రీయ అవసరాల పరిధిలోనే. పద్నాలుగో సెక్షన్ నార, గింజల కోసం పారిశ్రామిక సాగుకు వీలిచ్చింది. 2018లో ఉత్తరాఖండ్ 0.3 శాతం టీహెచ్‌సీ లోపు ఉండే హెంప్ సాగుకు లైసెన్సిచ్చింది ఈ కిటికీలోంచే. హిమాచల్ ప్రదేశ్ రెవెన్యూ మంత్రి అధ్యక్షతన కమిటీ వేసి, వైద్య, పారిశ్రామిక సాగుకు సిఫారసు చేసిన నివేదికను 2024 సెప్టెంబరులో అసెంబ్లీలో ఆమోదించింది. ఈ రెండిట్లో ఏదీ తాగే గంజాయికి అనుమతి కాదు. వార్తల శీర్షికల్లో ఆ ‘హెంప్’ అన్న మాట ఎగిరిపోతుంది, గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

అదే చట్టం కింద 2021లో విశాఖ మన్యంలో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో పోలీసులు ఎకరాలకొద్దీ తోటలు నరికారు. ఉత్తరాఖండ్ రైతుకు లైసెన్సు, మన్యంలో కేసు అంటే పక్షపాతంలా కనిపిస్తుంది. కానీ చట్టం చూసేది రెండు విషయాలు: లైసెన్సు ఉందా, మొక్కలో టీహెచ్‌సీ ఎంత. రెండోది రైతు చేతిలో పూర్తిగా లేదు. విత్తనాన్ని బట్టి, పైరు ఎన్నాళ్లు ఉంచారన్నదాన్ని బట్టి ఆ శాతం మారుతుంది. 0.3 గీత దాటితే పంట నాశనం చేయాల్సిందే. కొండప్రాంతాల దేశీ రకాల్లో టీహెచ్‌సీ సహజంగానే ఎక్కువ. కాబట్టి లైసెన్సు ఇచ్చినంత తేలిగ్గా సాగు పెరగదు.

భంగు సంగతి ప్రత్యేకం. గంజాయి నిర్వచనంలో పూత కొసలు లేకుండా ఉన్న ఆకులు, గింజలు రావు. అందుకే భంగు ఎన్‌డీపీఎస్ కిందికి రాదు. 2022లో కర్ణాటక హైకోర్టు కూడా ఒక బెయిలు ఉత్తర్వులో ఈ మాటే చెప్పింది. అలా కేంద్రం వదిలేసిన జాగాలోకి రాష్ట్ర చట్టాలు వచ్చాయి. రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో 51వ అంశం భారతీయ గంజాయి మొక్కపై ఎక్సైజ్ సుంకం వేసే అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలున్నాయి. అస్సాం 1958లోనే గంజాయితోపాటు భంగునూ నిషేధిస్తూ చట్టం చేసుకుంది. ఒకే ఆకు, జైసల్మేర్‌లో బోర్డు పెట్టి అమ్మేది, గువాహటిలో కేసు పెట్టేది.

పక్కింటి చట్టంతో పేచీ

రాష్ట్రానికో చట్టం ఉన్నప్పుడు మొదట నలిగేది సరిహద్దు. 2014 డిసెంబరులో నెబ్రాస్కా, ఓక్లహోమా కలిసి కొలరాడో మీద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాయి. కొలరాడో గంజాయి తమ జిల్లాల్లోకి పారుతోందని, పోలీసుల మీద, జైళ్ల మీద ఖర్చు తమ నెత్తిన పడుతోందని ఫిర్యాదు. 2016 మార్చిలో కోర్టు విననేలేదు. అందులో ఓక్లహోమా తర్వాత చేసింది చూడాలి. 2018లో అక్కడి ఓటర్లు వైద్య గంజాయిని ఆమోదించారు. ఏయే జబ్బులకు ఇవ్వాలన్న జాబితా లేదు, లైసెన్సుల సంఖ్యకు పరిమితి లేదు, ఫీజు 2,500 డాలర్లు. కొద్ది ఏళ్లలో 40 లక్షల జనాభాకు రెండు వేలకు పైగా షాపులు వెలిశాయి, కాలిఫోర్నియా కంటే ఎక్కువ. పేరుకు వైద్యం. 2022లో కొత్త లైసెన్సులు ఆపేశారు, 2023 మార్చిలో సరదా వాడకం ప్రతిపాదనను ఓటర్లు గట్టిగా ఓడించారు. కాగితం మీద ‘వైద్యానికి మాత్రమే’ అన్న రాష్ట్రం ఆచరణలో ‘పూర్తి చట్టబద్ధం’ అన్నదానికంటే సడలుగా ఉండగలదని ఓక్లహోమా చూపించింది. అందుకే పటాల మీద రంగుల కంటే షాపుల సంఖ్య, ధర, పన్ను చూడటమే నయమనిపిస్తుంది.

పన్ను తేడా కూడా జనాన్ని కదిలిస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రం 37 శాతం వేస్తుంది, పక్కనున్న ఒరెగాన్‌లో రాష్ట్ర పన్ను 17 శాతం. 2015లో ఒరెగాన్ షాపులు తెరవగానే, సరిహద్దు పక్కనున్న వాషింగ్టన్ షాపుల అమ్మకాలు మూడో వంతుకు పైగా పడిపోయాయని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అప్పటిదాకా ఆ కొనుగోళ్లలో చాలా భాగం ఒరెగాన్ నుంచి వచ్చినవాళ్లవేనన్నమాట.

ఎవరి వాదన ఎంతవరకు నిలుస్తుంది

అనుకూలవాదుల ప్రధాన వాదన అరెస్టుల గురించి. కొద్దిపాటి గంజాయికి పడిన కేసు ఉద్యోగాన్నీ ఇంటి అద్దెనూ జీవితాంతం వెంటాడుతుంది, నిషేధం వాడకాన్ని ఆపలేకపోయింది, కనీసం పరీక్షించిన సరుకైనా దొరకనివ్వండి అంటారు. మొదటి భాగంలో బలముంది. కానీ దానికి నేరరహితం చేస్తే చాలు, షాపులు అక్కర్లేదు కదా అని ప్రత్యర్థులు అడిగేది కూడా న్యాయమే. షాపులు లేకపోతే సరుకు నల్లబజారు నుంచే వస్తుందన్నది దానికి జవాబు. ఈ వాదన ఎక్కడా ముగియలేదు.

వ్యతిరేకులు పిల్లల గురించి, మత్తు తీవ్రత గురించి మాట్లాడతారు. టీనేజర్ల వాడకం కొలరాడోలో భయపడినట్టు ఎగబాకలేదని అక్కడి సర్వేలు చూపించాయి. కానీ మత్తు తీవ్రత నిజంగానే పెరిగింది. అమెరికాలో పట్టుబడిన సరుకులో సగటు టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం, 2021 నాటికి సుమారు 15. ఇది చట్టబద్ధతకు ముందే మొదలైన పెరుగుదల. మార్కెట్ దాన్ని ఇంకా ముందుకు తోసిందా అన్నదే చర్చ. మిఠాయిల విషయంలో ఆధారాలు మరింత స్పష్టం. ఆరేళ్ల లోపు పిల్లలు గంజాయి కలిపిన తినుబండారాలు పొరపాటున తిన్నారని అమెరికా పాయిజన్ సెంటర్లకు వచ్చిన కేసులు 2017లో 207, 2021లో 3,054.

ప్రాంతాల మధ్య తేడా ఉండటం ఇక్కడ పనికొచ్చింది. కెనడాలో తినుబండారాలకు అనుమతిచ్చిన ప్రావిన్సుల్లో పిల్లల ఆసుపత్రి కేసులు ఆ అనుమతి తర్వాత ఇంకా పెరిగాయి. వాటిని అమ్మని క్యూబెక్‌లో ఆ అదనపు పెరుగుదల కనిపించలేదు. దేశమంతా ఒకే విధానం ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. క్యూబెక్ వైపు కూడా ఒక లోటుంది: షాపులు తక్కువ, రకాలు తక్కువ కావడంతో చట్టబద్ధ మార్కెట్ జనాన్ని నల్లబజారు నుంచి లాగడంలో వెనకబడుతుందని ప్రైవేటు షాపులను సమర్థించేవాళ్లు అంటారు.

ఇంకా తేలనిది: ఇటు సరుకు అటు

ఇప్పుడు అమెరికాలో ప్రతి రాష్ట్రమూ తాను పండించిందే తాను అమ్ముకోవాలి. వాతావరణం కలిసొచ్చే ఒరెగాన్‌లో ఆరుబయట పండి గుట్టలు పడుతుంటే, చలి రాష్ట్రాల్లో గోదాముల్లో కరెంటు దీపాల కింద ఖరీదుగా పండిస్తున్నారు. ఒరెగాన్ 2019లోనే ఎగుమతికి చట్టం చేసి పెట్టుకుంది. కాలిఫోర్నియా 2022లో, వాషింగ్టన్ 2023లో అదే బాట పట్టాయి. కేంద్రం అనుమతిస్తే తప్ప అవి పనిచేయవు. అనుమతి రావాలని అన్ని చట్టబద్ధ రాష్ట్రాలూ కోరుకోవడం లేదు. ఒరెగాన్ సరుకు లారీల్లో దిగితే గోదాముల్లో పెట్టుబడి పెట్టినవాళ్లు మూతపడతారు, స్థానికులకిచ్చిన లైసెన్సులకు విలువ పోతుంది. కేంద్ర నిషేధం పోవాలని అడిగే రాష్ట్రాల్లోనే, అది ఉన్నంతకాలమే లాభసాటిగా నడిచే కంపెనీలూ ఉన్నాయి.